గ్యారంటీ అనే అప్పు

మా పెద్దమ్మ కొడుకు ఇక్కడ అమెరికాలో రెసిడెన్సీ పూర్తి చేస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, "ఒరేయ్, చిన్న ఊళ్ళో క్లినిక్ రా. మొదటి ఏడాది నెలకి 20,000 డాలర్లు గ్యారంటీ అంట. సంతకం పెట్టేస్తున్నా" అన్నాడు. "ఆగన్నయ్యా, ముందు కాయితాలు పంపు" అన్నా. నేను లాయర్ని కాదు గానీ, ఫ్రెషర్‌గా బాండు మీద సంతకం పెట్టి, మధ్యలో మానేసి డబ్బు కట్టినవాణ్ణి. అప్పట్నుంచీ ఏ అగ్రిమెంటైనా చివరి పేజీ నుంచే చదువుతా.

చదివితే తేలిందేంటంటే, అది జీతం కాదు. ఖర్చులు పోను క్లినిక్‌లో తనకి నెలకి 12,000 మిగిలిందనుకోండి, తక్కువపడ్డ 8,000 ఊళ్ళో ఆసుపత్రి ఇస్తుంది. ఏడాదికి 96,000. దానికి ప్రామిసరీ నోటు రాయాలి! ఆ తర్వాత మూడేళ్ళు అదే ఊళ్ళో ప్రాక్టీసు చేస్తే నెలనెలా కొంత చొప్పున మాఫీ. ఏడాదికే వెళ్ళిపోతే 64,000 వడ్డీతో కట్టాలి. మాఫీ అయినదీ ఆదాయం కిందే లెక్క, టాక్స్ తప్పదు.

ఇది మోసమని నేననను. ఆ ఊరికి డాక్టరు కావాలి, ఈయనకి నిలదొక్కుకునే టైం కావాలి. పైగా ఈ డబ్బు ఇచ్చినందుకు పేషెంట్లని మాకే పంపాలని ఆసుపత్రి షరతు పెట్టకూడదు, స్టార్క్ చట్టం ఒప్పుకోదు. నా పేచీ అల్లా ఆ పేరుతోనే. అప్పుని అప్పు అంటే ఎవరైనా నాలుగు ప్రశ్నలు వేస్తారు. గ్యారంటీ అంటే సంతకం పెట్టేస్తారు.

అసలు చిక్కు ఇంకోటుంది. క్లినిక్ వాళ్ళు 90 రోజుల నోటీసిచ్చి, కారణం చెప్పకుండా తీసెయ్యొచ్చు. తీసేస్తే చుట్టుపక్కల 20 మైళ్ళలో ప్రాక్టీసు చెయ్యకూడదు. మాఫీ కావాలంటే మాత్రం అదే ఊళ్ళో చెయ్యాలి. మన భాషలో దీన్ని డెడ్‌లాక్ అంటాం! కాలిఫోర్నియాలో అయితే ఆ మైళ్ళ షరతు చెల్లదు. అన్నయ్య వెళ్ళేది అక్కడికి కాదు.

అందుకే రెండు వాక్యాలు రాసిచ్చా. తనంతట తను మానేస్తేనే అప్పు కట్టాలి. వాళ్ళు తీసేస్తే అప్పూ రద్దు, మైళ్ళ షరతూ రద్దు. వీటిని లాయరుకి చూపించి అడగమన్నా. "అడిగితే ఆఫర్ పోతుందేమో రా" అంటున్నాడు. అడిగినందుకే పోయే ఆఫరైతే, ఆ గ్యారంటీ ఎవరికన్నట్టు?