మతిమరుపు - చెవుడు

వయసు మీద పడ్డాక మతిమరుపు మామూలే అని ఊరుకోకండి. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మరచిపోవడం వేరు, రోజూ నడిచే వీధిలో దారి తప్పడం వేరు. రెండోది డిమెన్షియా కావచ్చు, డాక్టరుకు చూపించాలి.

2024లో 'లాన్సెట్' వైద్యపత్రిక నిపుణుల సంఘం 14 కారణాలను లెక్కగట్టింది. వాటిని తొలగించగలిగితే దాదాపు 45 శాతం కేసులను తప్పించడమో, వాయిదా వేయడమో సాధ్యమని అంచనా. రక్తపోటు, మధుమేహం, పొగతాగడం మీకు తెలిసినవే. చాలామంది పట్టించుకోనిది చెవుడు. మాట వినపడనివారు నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. మెదడుకు పని తగ్గుతుంది.

2023లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో వినికిడి యంత్రం అందరికీ మేలు చేయలేదు గాని, ముప్పు ఎక్కువున్న వృద్ధుల్లో మూడేళ్ళలో మేధాశక్తి క్షీణతను 48 శాతం తగ్గించింది. కళ్ళజోడుకు లేని నామోషీ చెవి యంత్రానికెందుకో! తాతగారు టీవీ గట్టిగా పెడితే కసరకండి. ముందు చెవిలో గులిమి ఉందేమో డాక్టరుచేత చూపించి, ఆపైన వినికిడి పరీక్ష చేయించండి.