పెన్ను కింద పెట్టినంకనే కుర్చీ ఎక్కాలె

2021 మార్చి. వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. దుప్పటంత బ్యాలెట్ పేపరు, రోజుల తరబడి లెక్కింపు. చివరికి తేలిందేంటి? మొదటి స్థానంలో విద్యాసంస్థల అధిపతి పల్లా రాజేశ్వర్ రెడ్డి. రెండో స్థానంలో తీన్మార్ వార్తలతో ఇంటింటికీ ఎరుకైన చింతపండు నవీన్. మూడో స్థానంలో జేఏసీ చైర్మన్‌గా ఉద్యమాన్ని నడిపిన ప్రొఫెసర్ కోదండరాం. ఒక యజమాని, ఒక జర్నలిస్టు, ఒక ప్రొఫెసర్. వరుస పెట్టింది ఎవరో కాదు, డిగ్రీ పట్టా ఉన్న మనమే.

సకల జనుల సమ్మెలో సారు చెప్పిన మాటకు 42 రోజులు పని బంద్ పెట్టిన జిల్లాలివి. రాష్ట్రం వచ్చి ఏడేళ్లు నిండకముందే ఆయనను మూడో వరుసలో కూర్చోబెట్టినం. జనం మర్చిపోయిండ్రని తిట్టుకుంటే సరిపోదు. చదువుకున్నోడు, రాసేటోడు రాజకీయాల్లోకి ఎట్ల పోవాలె, పోయినంక ఎట్ల ఉండాలె అనే సంగతిని ఉద్యమ కాలంలో మనం ఎన్నడూ తెగేసి మాట్లాడుకోలేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నం.

ఓరుగల్లుకు ఇది కొత్త ముచ్చట కాదు. స్వాతంత్ర్యం వచ్చిన ఆ రోజుల్లో ఇక్కడ ‘కాకతీయ పత్రిక’ అనే వారపత్రిక నడిచింది. నడిపిన వాళ్లలో పాములపర్తి సదాశివరావు ఒకరు, పీవీ నరసింహారావు ఒకరు. ‘జయ–విజయ’ పేరుతో రాసిన ఆ యువకుడు 1971లో ముఖ్యమంత్రి, 1991లో ప్రధాని అయిండు. ఓరుగల్లు వారపత్రిక నుంచి ఢిల్లీ గద్దె దాకా పోయిన మనిషి ఇంకొకరు లేరు. గర్వపడాల్సిందే. కానీ ఆ ఐదేళ్ల ప్రధాని పదవిలో తెలంగాణ సంగతి ఒక్క అడుగు కదిలిందా?

కాళోజీది ఇంకో తొవ్వ. 1958 నుంచి 60 దాకా శాసనమండలిలో కూర్చున్నడు. కానీ ఆ రెండేళ్లను యాది పెట్టుకొని ఆయనను పిలిచినోళ్లెవరు? ఎమర్జెన్సీ తర్వాత సత్తుపల్లిలో జలగం వెంగళరావు మీద పోటీకి దిగిండు. గెలువడని అందరికీ ఎరుకే, ఆయనకూ ఎరుకే. నిలబడాలె కాబట్టి నిలబడ్డడు. 2024 నవంబర్‌లో హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకున్నది. కట్టినోళ్లు, తెరిచినోళ్లు వేర్వేరు పార్టీలోళ్లు. ఏ పార్టీకీ చెందని మనిషి పేరు కాబట్టే ఇద్దరికీ పనికొచ్చింది.

ఇక జయశంకర్ సారు. 1934లో అక్కంపేటలో పుట్టిండు. 1952 ముల్కీ ఆందోళనలో విద్యార్థి, 1969లో అధ్యాపకుడు, 1991 నుంచి 94 దాకా కాకతీయ యూనివర్సిటీ వైస్ చాన్సలర్. నీళ్లు, నిధులు, కొలువుల లెక్కలను పల్లెటూరి మనిషికి కూడా అర్థమయ్యేటట్టు చెప్పిన ఆర్థిక శాస్త్రవేత్త. పార్టీకి సలహా ఇచ్చిండు, దారి చూపిండు. ఎన్నికల్లో నిలబడలేదు, పదవి అడగలేదు. 2011 జూన్ 21న పోయిండు, రాష్ట్రం చూడలేదు. ఇప్పుడు ఆయన పేరు మీద ఒక యూనివర్సిటీ ఉంది, ఒక జిల్లా ఉంది. ఉద్యమ పార్టీ ఎన్ని మలుపులు తిరిగినా ఆయన మాట విలువ ఎందుకు తగ్గలేదు? ఆ మాట మీద ఏ పదవి బరువూ లేదు గనుక.

అందరూ జయశంకర్ లెక్కనే ఉండాలె అనడం లేదు. పెండ్లాం పిల్లలున్నోళ్లను అట్ల అడగడం అన్యాయం కూడా. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టిండు, 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యే అయిండు. ఎవరైనా తప్పన్నరా? విలేకరిగా ఉండి టాడా కేసు మోసిన సోలిపేట రామలింగారెడ్డి నాలుగుసార్లు గెలిచిండు. జనం ముందుకు పోయి ఓటు అడిగి గెలిచినోడిది దొంగతొవ్వ కాదు.

తేడా ఎక్కడంటే, 2014 తర్వాత వచ్చిన పదవుల్లో ఎక్కువ ఓటుతో వచ్చినవి కావు, ఆర్డర్ కాగితంతో వచ్చినవి. అకాడమీ చైర్మన్, కమిషన్ సభ్యుడు, సలహాదారు, గవర్నర్ కోటా. అర్హత లేనోళ్లకు ఇచ్చిండ్రని మేం అనం. కానీ కాగితంతో ఇచ్చిన చెయ్యి మీద వార్త రాయడం ఎంత కష్టమో రాసేటోళ్లందరికీ ఎరుకే. 2017 ఫిబ్రవరిలో నిరుద్యోగుల ర్యాలీ ముందు రోజు రాత్రి కోదండరాం సారు ఇంటి తలుపు పగలగొట్టి పోలీసులు ఎత్తుకపోయిండ్రు. తెలంగాణ కోసం ఆయనతో నడిచిన కలాలు ఆ తెల్లారి ఎన్ని లేచినయి? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే సారు 2024లో గవర్నర్ కోటాలో మండలికి పోయిండు, పక్కన సియాసత్ పత్రిక అమేర్ అలీ ఖాన్. ఆ వ్యవహారం హైకోర్టు మెట్లెక్కి, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టులో చిక్కుబడ్డది. తలుపు పగిలిన రోజు ఆయనకున్న బలం ఆ కోర్టు వాయిదాల్లో ఉన్నదా?

ఇండ్ల జాగల సంగతి కూడా ఇంతే. హైదరాబాద్‌లో హౌసింగ్ సొసైటీలకు ఇచ్చిన భూములను 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఎమ్మెల్యేలు, అధికారులు, జడ్జీలతో పాటు జర్నలిస్టులనూ ఒకే గాటన కట్టింది. మనకది అవమానం. కానీ ఆ వరుసలో పోయి నిలబడ్డది మనమే కదా.

అయితే ఈ నేరం మొత్తం పెద్ద పేర్ల మీద వేస్తే అన్యాయమైతది. కింద ఉన్న బతుకు చూడాలె. 2010 మే 28న మానుకోట స్టేషన్‌లో ఉన్నోళ్లలో నేనూ ఒకణ్ణి. తర్వాత ఒక పత్రికకు మండల విలేకరినైన. వార్త సెంటీమీటర్ల లెక్కన నెలకు కొన్ని వందలు వచ్చేది. ఆగస్టు 15కు, దసరాకు, నాయకుల పుట్టిన రోజుకు యాడ్ టార్గెట్ మాత్రం వేలల్లో. పొద్దున కాంట్రాక్టర్‌ను యాడ్ అడిగిన నోరు, మాపటికి ఆయన వేసిన సీసీ రోడ్డు పగిలిందని ఎట్ల చెప్తది? ఒకసారి రాసిన. ఆ యాడ్ పైసలు నా జేబుల నుంచి కట్టిన. మజీతియా వేతన సిఫార్సులను 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది గానీ, కంట్రిబ్యూటర్ అన్న పేరు పెడితే చాలు, ఆ తీర్పు మండల కేంద్రం దాకా రాదు.

యూనివర్సిటీలోనూ ఇదే కథ. రెగ్యులర్ అధ్యాపకుల నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోయినయి. 2022లో అసెంబ్లీ దాటిన ఉమ్మడి నియామక బోర్డు బిల్లు రాజ్‌భవన్‌లో ఆగింది. పీహెచ్‌డీ చేతిలో పెట్టుకొని పార్ట్‌టైం పాఠం చెప్పే మనిషి సాయంత్రం టీవీ చర్చలో ఏదో ఒక పార్టీ పక్కన కూర్చుంటే మనం నవ్వుతం. ఆయనకు ఇంకో కుర్చీ ఎక్కడ చూపించినం?

అందుకే మేం అడిగేది పెద్ద త్యాగం కాదు. పత్రికలో, చానల్‌లో ఉండి రాజకీయాల్లోకి పోయేటోళ్లు ముందు ఆ పత్రికను, చానల్‌ను వదలాలె. అభ్యర్థి తన చేతిలోని కెమెరాతో ఎదుటి అభ్యర్థిని చూపించొద్దు. ప్రభుత్వ పదవి తీసుకున్నోళ్లు ఆ ప్రభుత్వం మీద వ్యాసాలు రాయొద్దు, రాస్తే పేరు కింద పదవి కూడా అచ్చేయాలె. జర్నలిస్టు సంఘాలు ఇండ్ల జాగల కన్నా ముందు మండల విలేకరి జీతం అడగాలె, యాడ్ టార్గెట్ ఎత్తేయమనాలె. మా పత్రికకు కూడా ఇదే షరతు. ఇక్కడ రాసేటోళ్లెవరు ఏ పార్టీ టికెట్‌కు దరఖాస్తు పెట్టినా ఆ వారమే మీకు చెప్తం.

నవీన్ 2024 ఉప ఎన్నికలో కాంగ్రెస్ నుంచి అదే సీటు గెలిచిండు. 2025 మార్చిలో ఆ పార్టీ సస్పెండ్ చేసింది, సెప్టెంబర్‌లో సొంత పార్టీ పెట్టిండు. ఆ సీటు గడువు 2027తో తీరుతది. మళ్లీ దుప్పటంత బ్యాలెట్ వస్తది, మళ్లీ ప్రొఫెసర్లు, జర్నలిస్టులు నిలబడతరు. ఓటు అడగడానికి హన్మకొండ చౌరస్తాకు వచ్చినప్పుడు మైకు చేతికిచ్చే ముందు ఒక్కటే అడగాలె: సారూ, చానల్ ఎవరికి అప్పజెప్పి వచ్చిండ్రు?