తర్ఫీదు ఇవ్వరు, చార్జిషీటు ఇస్తారు!



రైల్వేలలోను, తపాలా శాఖలోను కొత్తగా చేరుతున్న యువతీ యువకులను పాలనాయంత్రాంగం ఏ విధంగా ఆహ్వానిస్తున్నదో మనమందరమూ చూస్తూనే ఉన్నాము. “పని చేస్తుంటే పని అదే వస్తుంది” అన్నది అధికారుల తారకమంత్రం. పని వచ్చేలోగా పొరపాటు వచ్చినదంటే మాత్రం ఆ మంత్రం మాయమై చార్జిషీటు ప్రత్యక్షమవుతున్నది. నేర్పవలసినవాడే నేర్పకుండా, నేర్వనందుకు శిక్షించే ఈ పద్ధతిని మేము తీవ్రంగా ఖండిస్తున్నాము.

ట్రాక్‌మన్ పని అంటే సుత్తి పట్టుకొనుటయే అనుకునేవారికి రైలుపట్టా సంగతి తెలియదు. డబుల్ లైనులో ఒక బండికి దారి ఇచ్చి పక్క లైనుపైకి జరిగినవానిని, ఆ లైనుపై వచ్చే రెండవ బండి కబళిస్తుంది. మొదటి బండి చప్పుడులో రెండవ దాని చప్పుడు వినిపించదు. ఏ వైపు తప్పుకోవాలి, లుకౌట్ మనిషి ఈల వినగానే పనిముట్లు ఎక్కడ చేర్చాలి అన్నవి అనుభవజ్ఞుడైన మేట్ పక్కన నిలబడి నేర్చుకొనవలసిన విషయాలు. బీహారు నుండి వచ్చి తెలుగు గ్యాంగులో చేరిన కుర్రవానికి మేట్ హెచ్చరిక అర్థం కావాలి. బెంగాలు వెళ్ళిన తెలుగు యువకునికి అక్కడి కేక అర్థం కావాలి. లేనినాడు ఆ ఒక్క మాటకు ప్రాణమే మూల్యమవుతుంది.

శిక్షణలోని లోపం కొత్తవారితో ఆగిపోయేది కాదు. 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లోని రంగాపాణి వద్ద కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను వెనుక నుండి గూడ్సు బండి ఢీకొన్నది. విచారణ పూర్తికాకముందే, ఆ రోజుననే, మరణించిన గూడ్సు డ్రైవరుపై నింద మోపారు. తరువాత రైల్వే భద్రతా ముఖ్య కమిషనరు విచారణలో తేలినదేమిటి? ఆటోమేటిక్ సిగ్నళ్ళు చెడిపోయిన ఆ సెక్షనులో ఇవ్వదగని అధికార పత్రాన్ని ఇచ్చారు. అదే పత్రంతో నడిచిన 7 బండ్లలో నిర్ణీత వేగాన్ని, చెడిన ప్రతి సిగ్నలు వద్ద ఆగవలసిన నియమాన్ని పాటించినది కాంచన్‌జంగా ఒక్కటే. లోకో పైలట్లకు, స్టేషన్ మాస్టర్లకు తగిన అవగాహన కల్పించలేదని నివేదిక తేల్చినది. ఒక్కడు నియమం తప్పితే అది వాని తప్పు కావచ్చును. ఏడింట ఆరు బండ్లు తప్పితే అది ఎవరి తప్పు? పాతవారికే నియమం అందని చోట నిన్న చేరినవాని గతి ఏమిటి?

తపాలా శాఖ సంగతి చూద్దాము. గ్రామీణ డాక్ సేవక్‌ను పదవ తరగతి మార్కులను బట్టి తీసుకుంటున్నారు. బ్రాంచి పోస్ట్‌మాస్టరుగా కూర్చున్న ఆ యువతి సేవింగ్స్ ఖాతాలు, ఆర్.డి.లు, సుకన్య సమృద్ధి, గ్రామీణ బీమా, 2018 నుండి పేమెంట్స్ బ్యాంకు లావాదేవీలు అన్నీ ఒంటిచేత్తో చూడాలి. పక్కన అడుగుటకు మనిషి ఉండడు. నగదులో తేడా వస్తే రికవరీ, పుట్ ఆఫ్ డ్యూటీ! 2022లో ‘డాక్ కర్మయోగి’ పోర్టల్‌ను ప్రారంభించారు. తెరమీది పాఠాలను మేము వ్యతిరేకించుట లేదు. కాని పాఠం ముగించినట్లు నమోదగుట వేరు, ఎదుట నిలిచిన వృద్ధురాలి పాసుబుక్కులో లెక్క సరిచూచుట వేరు.

సిబ్బంది చాలరు గనుక సుదీర్ఘ శిక్షణ సాధ్యం కాదని యాజమాన్యం వాదిస్తున్నది. చాలనిది ఎవరివల్ల? రైల్వేలో 2019లో ప్రకటించిన 1,03,769 లెవెల్-1 ఉద్యోగాలకు పరీక్ష జరిగినది 2022లో! కోవిడ్ అడ్డు వచ్చినదనవచ్చును. ఆ జాప్యానికి మూల్యాన్ని కొత్తవారి తర్ఫీదు దినాల నుండి రాబట్టుటను మేము అంగీకరించము.

కావున మేము డిమాండు చేస్తున్నాము: తర్ఫీదు పూర్తికానిదే ఎవరినీ ఒంటరిగా డ్యూటీలో నియమించరాదు. తర్ఫీదు కాలమంతా డ్యూటీగా పరిగణించి పూర్తి వేతనమివ్వాలి. భద్రతా నియమాలను ఉద్యోగికి తెలిసిన భాషలో పుస్తకంగా చేతికివ్వాలి. కొత్తవానికి నేర్పే సీనియరుకు ఆ మేరకు పనిభారం తగ్గించాలి. నేర్పినట్లు ఉద్యోగి సంతకంతో రికార్డు చూపలేని విషయంలో చార్జిషీటు చెల్లరాదు.

ప్రతి బ్రాంచి కార్యదర్శికి మా విజ్ఞప్తి ఒక్కటే. కొత్త ఉద్యోగి చేరిన దినముననే వెళ్ళి కలవండి. సభ్యత్వ రసీదు కంటె ముందు పని మెలకువలు చెప్పండి, హక్కులు చెప్పండి. రాతపూర్వకంగా శిక్షణ కోరుటకు అండగా నిలవండి.

తర్ఫీదు దయాధర్మం కాదు, హక్కు! దానిని పోరాడి సాధించుకుందాము!