పింఛను లెక్క

జ్యోతిష్కుడు ఒక్కని జాతకము చూచి వాని ఆయువింతయని చెప్పును; అది నిజమగుట అరుదు. యాక్చువరీ యనబడు గణకుడు ఒక్కని సంగతి చెప్పడు. వేయిమందిలో ఏ వయస్సున నెందరు పోవుదురో, మిగిలినవారి పోషణకెంత సొమ్ము కావలెనో చెప్పును; అది చాలవరకు నిజమగును. తోకచుక్క మూలమున మనవారెరిగిన హాలీ పండితుడు 1693లో బ్రెస్లా పట్టణపు జననమరణముల నుండి ఇట్టి పట్టికను కట్టెను. నేటి బీమాలును పింఛనులును ఆ మార్గముననే నడచుచున్నవి.

ఇంతటి శాస్త్రము రామగిరి దుర్గము చెంత బొగ్గు త్రవ్వి ముసలివారైన వారికేమి మేలు చేసినది?

సింగరేణి కార్మికులకును వర్తించు బొగ్గుగనుల పింఛను పథకము 1998లో అమలులోనికి వచ్చినది. మూడేండ్లకొకసారి యాక్చువరీచే నిధిని మదింపు చేయింపవలెనని ఆ పథకమే విధించుచున్నది. మదింపు ఫలితముగా చందా పెరిగినది. పింఛను మాత్రము కార్మికుడు పని నుండి దిగిననాడెంతయో పిదపను అంతయే, కరువుభత్యము దానికంటదు. 2024లో కనీస పింఛను నెలకు 1000 రూపాయలని నిర్ణయించిరి. అంతకంటె తక్కువతో బ్రతుకీడ్చినవారు కలరనుటకు ఆ నిర్ణయమే సాక్ష్యము.

బడిపిల్లలు చేయగల లెక్క యొకటి చూడుడు. ధరలు ఏటేట నూటికి ఆరు చొప్పున పెరిగినచో, నేటి రూపాయి పన్నెండేండ్లకు అర్ధరూపాయియు, ఇరువదినాలుగేండ్లకు పావలాయు అగును. 2000లో రెండువేల పింఛనుతో దిగినవాడు 2024లో తెచ్చుకొనునది ఐదువందల సరకు. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిమ్మట బోడి మల్లయ్య!

“పెంచినచో నిధి గుల్లయగును” అని పెద్దలందురు. ఈ మాట బొత్తిగా అబద్ధము కాదు. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైబడి కార్మికులుండిరి. ఇటీవల వారు నలువదివేల ప్రాంతమునకు దిగిరి. చందా వేయు చేతులు తగ్గినవి. పింఛను పుచ్చుకొను చేతులు పెరిగినవి. కాని బొగ్గు తగ్గినదా? ఆనాడు ఏటికి రెండుకోట్ల టన్నులకు లోపు. 2023-24లో ఏడుకోట్ల టన్నులు! యంత్రము కార్మికుని పనిని తీసికొన్నది గాని, అతడు వేయవలసిన చందాను తలకెత్తుకొనలేదు. లోటు పుట్టినచోటు ఇది.

కావున ఔషధమును అచ్చటనే వెదకవలెను. టన్నుకింతయని నిధికి జమచేయు పద్ధతి బొగ్గు సంస్థలలో ఇదివరకే అంకురించినది. దానిని లోటు పూడ్చుటతో సరిపెట్టక, ధరలతోపాటు పింఛను పెరుగుటకు ముడివేయవలెను. జీతముపై మాత్రమే నిలిచిన నిధి జీతగాండ్రతోపాటు క్షీణించును. బొగ్గుపై నిలిచినది బొగ్గున్నంతకాలము నిలుచును.

ఆలస్యమునకు ఇంకొక ఫలము కలదు. ఏడాది గడచినకొలది కొందరు ముసలివారు కన్నుమూయుదురు. వారితో వారి బాకీయు మాయమగును. గణకుని పట్టికలో అది లాభముగా కనబడవచ్చును. ప్రభువులారా, మరణముచేత లోటు పూడ్చుకొనుట పొదుపు కాదు. అది అప్పు ఎగవేయుట.