మరచిన సంఖ్యలు – అడుగని యప్పులు

గడచిన మాసమున మాకు వచ్చిన జాబులలో విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ నుండి యొక సోదరి వ్రాసిన జాబు మమ్ము రెండు దినములు ఆలోచింపజేసినది. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి వారమున బుడమేరు పొంగి ఆ పేటను ముంచినపుడు వారి యింట నడుమెత్తు నీరు నిలిచినదట. ఇనుప పెట్టెలో దాచిన కాగితములన్నియు ముద్దయైపోయినవి. భర్త అంతకు రెండేండ్ల క్రిందటనే గతించిరి. నీరు తీసిన పిమ్మట చూచుకొనగా ఆధార్ కాగితము లేదు, పాన్ కార్డు ఎటు కొట్టుకొనిపోయెనో తెలియదు. ఆ సంఖ్యలైనను ఆమెకు నోటికి రావు. "నేను చెప్పవలసిన యవసరము ఎన్నడును కలుగలేదు, అన్నియు వారే చూచుకొనెడివారు" అని ఆమె వ్రాసిరి.

ఆ దసరాకు, చెడిపోయిన ఫ్రిజ్జు స్థానమున వేరొకటి కొనుటకై ఆమె యొక పెద్ద దుకాణమునకు పోయిరి. కొంత నగదు చేతనున్నది; మిగిలినది పదిదినములలో కుమారుడు పంపుననుకొనిరి. అచ్చటి కుర్రవాడు వాయిదాలపై తీసికొమ్మని పట్టుబట్టి ఆధార్ సంఖ్య అడిగెను. లేదనగా, "ఫోన్ ఇటివ్వండమ్మా, నేను తీసిపెడతా" అనెను. భర్తగారి ఫోనునే ఆమె వాడుచుండుటచే సందేశము దానికే వచ్చినది. సంఖ్య దొరికినది. ఆ సంతోషములో, తరువాత వచ్చిన రెండు మూడు అంకెల సందేశములను గూడ ఆమె చదివి చెప్పిరి. ఫ్రిజ్జు ఇంటికి వచ్చెను. కొన్ని వారములకు ఒక కవరులో క్రెడిట్ కార్డు వచ్చెను. ఫ్రిజ్జుకు సంబంధించిన దేదో యనుకొని బీరువాలో పెట్టిరి. ఏడాది తిరుగునప్పటికి ఆ కార్డునకు సంవత్సరపు రుసుము క్రింద 1,180 రూపాయలు చెల్లింపవలెనని బిల్లు వచ్చినది. ఇక ఆమె ప్రశ్నలు రెండు: ఎవరి చేతికిని ఫోనీయకుండ నా సంఖ్యను నేనే తెలిసికొనుట ఎట్లు? నేనడుగని కార్డునకు నేనేల చెల్లింపవలెను?

మొదటిదానికి సమాధానము సులువు. ఆధార్ సంఖ్య పండ్రెండంకెలది. ఒకసారి యిచ్చినది జీవితాంతము మారదు. కాగితము పోయినంత మాత్రమున సంఖ్య పోదు. ఆధార్ ప్రాధికార సంస్థవారి మైఆధార్ పుటలో పోయిన సంఖ్యను తిరిగి పొందు విభాగమొకటి కలదు. అందు పేరును, నమోదైన ఫోను సంఖ్యను వ్రాసినచో ఫోనునకు ఒక తాత్కాలిక సంకేతము, అనగా ఓటీపీ, వచ్చును. దానిని నింపినతోడనే సంఖ్య సందేశముగా వచ్చును. అచ్చుకాగితమును గూడ అచ్చటనే దించుకొనవచ్చును. ఇంటిలో చదువుకొనుచున్న బిడ్డ యున్న చాలును, దుకాణపు కుర్రవానితో పనిలేదు. పుట తెరచుట చేతగానివారు 1947 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. మన స్వాతంత్ర్యపు సంవత్సరమే గనుక మరపురాదు.

ఒక చిన్న విశేషము. తడిసిన కాగితముపై సగము చెరగిన అంకెలను కూడబలుకుకొని వ్రాయువా రున్నారు. ఆధార్ సంఖ్య సున్నతోగాని ఒకటితోగాని మొదలు కాదు. చివరి యంకె తక్కిన పదునొకండు అంకెల నుండి గణితముచే కట్టబడినది. కావున ఒక్క యంకె తప్పినను యంత్రము వెంటనే పట్టుకొనును. ఊహించి వ్రాసినది చెల్లలేదని భయపడనక్కరలేదు.

అసలు చిక్కు ఫోను వద్దనే యున్నది. మన యిండ్లలో భార్య ఆధార్‌నకు భర్త ఫోను, అత్తగారి ఆధార్‌నకు కొడుకు ఫోను జతచేసియుండుట వాడుక. నమోదు దినమున వరుసలో నిలిచినవారు ఎవరో వారి సంఖ్యయే అందరికిని వ్రాయించిరి. ఆ మగవాడు గతించినను, ఫోను మార్చుకొనినను, కొంతకాలమునకు ఆ సంఖ్య రద్దగును. రద్దయిన సంఖ్యను తొంబది దినముల తరువాత ఫోను కంపెనీలు మరియొకరికి ఇయ్యవచ్చును. అపుడు మీ ఆధార్ సంకేతములు ఏ ముక్కు మొగమెరుగనివాని ఫోనునకో పోవును. మా సోదరికి భర్తగారి ఫోను చేతనుండుట అదృష్టము. అది లేనివారు ఆధార్ కేంద్రమునకు స్వయముగా పోవలెను. అచ్చట పేరు, ఊరు మొదలగునవి చెప్పి వ్రేలిముద్ర వేసినచో స్వల్ప రుసుమునకు కాగితమును అచ్చొత్తి యిత్తురు. తమ సొంత ఫోను సంఖ్యను నమోదు చేయించుటకు అచ్చట వేరు కాగితములేవియు అడుగరు. అంట్లు తోమి, బట్టలుతికి వ్రేళ్ల గీతలరిగిపోయిన యిల్లాండ్రకు యంత్రము ముద్రను గుర్తింపకపోవుట తరచుగ జరుగుచున్నది. అట్టివారు కంటిపాప ముద్రను తీయుమని యడుగవలెను. అడుగనిదే తీయరు, ముద్ర పడలేదని పంపివేయుదురు.

ఇక పాన్ సంఖ్య. ఇది పది యక్షరముల కూర్పు: ముందు అయిదు ఆంగ్లాక్షరములు, నాలుగంకెలు, తుద నొక యక్షరము. వ్యక్తులకిచ్చినదైనచో నాలుగవ యక్షరము "పి". అయిదవది ఇంటిపేరు మొదటి యక్షరము. ఇచ్చటనే మన స్త్రీలకు సందేహము పుట్టుచున్నది. పెండ్లియై ఇంటిపేరు మారినది గదా, అక్షరము మారదా యని. మారదు. పుట్టింటి పేరుతో వచ్చిన సంఖ్యయే కడవరకు నుండును. పేరు మాత్రము సవరింప వేడుకొనవలెను. ఇది తెలియక అత్తవారింటి పేరుతో రెండవ పాన్ తీసికొనినవారిని మేమెరుగుదుము. ఒకరికి రెండు పాన్‌లుండుటకు ఆదాయపు పన్ను చట్టము పదివేల రూపాయల అపరాధమును నిర్ణయించినది. కావున పోయినదని క్రొత్తదానికి దరఖాస్తు పెట్టక, పాతదానిని వెదకుకొనవలెను. బ్యాంకునందిచ్చిన పత్రములలోను, పూర్వము కట్టిన పన్ను కాగితములలోను అది యుండును. ఆధార్ ఆధారముగ ఆదాయపు పన్నుశాఖవారి పుటలోనే తీసికొనిన పాన్ అయినచో అచ్చటినుండి ఉచితముగనే ప్రతిని పొందవచ్చును. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగను, పాన్‌లో ఒక్క యక్షరముగను ఉండి రెండును కలియక తిప్పలుపడు సోదరీమణులు, ముందు ఆధార్‌లో పేరు సరిచేయించుకొని పిదప పాన్ సంగతి చూచుకొనుట మేలు.

పెండ్లికి ముందు ఉద్యోగము చేసి మానినవారికి భవిష్యనిధి ఖాతా యుండవచ్చును. 2014 నుండి దానికిని పండ్రెండంకెల సంఖ్యయొకటి యిచ్చుచున్నారు. పాత జీతపు చీటీలపై చూడుడు. ఎంతోమంది ఆ సొమ్మును మరచియున్నారు.

సంఖ్య దొరికిన పిమ్మట దానిని దాచుట యెట్లు? చిన్న పుస్తకములో వ్రాసి బీరువాలో పెట్టుకొనుటయే మాకు నచ్చిన పద్ధతి. నకలు ఎవరికైన నీయవలసివచ్చినచో, మొదటి ఎనిమిదంకెలు కప్పి చివరి నాలుగు మాత్రము కనబడు ప్రతి యొకటి ప్రాధికార సంస్థవారే యిత్తురు. 2022 మే 27వ తేదీన బెంగుళూరు కార్యాలయమువారు నకళ్లను ఊరక ఈయవలదని ప్రకటించి గగ్గోలు పుట్టించిరి. రెండు దినములకే ఢిల్లీవారు దానిని ఉపసంహరించుకొనిరి. ప్రకటన పోయినను ఆ ముసుగు ప్రతి యున్నది, చెల్లును. బట్టల దుకాణములో బిల్లు వ్రాయునపుడు అడుగు ఫోను సంఖ్య మాట వేరు. అది యీయనిదే బిల్లు కాదని పట్టుబట్టవలదని 2023 మే మాసమున వినియోగదారుల వ్యవహారశాఖవారు వర్తకులకు హెచ్చరిక చేసిరి. "ఇయ్యను, బిల్లు వేయుము" అనుట మర్యాదకు లోపము కాదు.

మా చిన్నతనమున కిరాణా కొట్లలో "నేడు నగదు – రేపు అరువు" అను పలక వ్రేలాడుచుండెడిది. అరువడుగుటకు కొనువాడు సిగ్గుపడెడివాడు, ఇచ్చుటకు సెట్టి జంకెడివాడు. నేడు కాలము తారుమారైనది. నగదు చేతబట్టుకొని పోయినవారిని కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, అమ్మా యని పిలిచి అప్పిచ్చుచున్నారు! ఆ కుర్రవాండ్రను మేము తప్పుపట్టము. నెలకిన్ని అప్పులు, ఇన్ని కార్డులు అంటగట్టవలెనని వారికి పైవారు లెక్క నిర్ణయింతురు. పొట్టకూటి పని. అయినను వారి లెక్క వారిది, మన లెక్క మనది.

మన సోదరి లెక్క చూడుడు. ఫ్రిజ్జు ధర 30,000 రూపాయలు. నెలకు 3,000 చొప్పున పది వాయిదాలు. "వడ్డీ లేదమ్మా" అనిరి. ప్రక్కయింటివారు అదే వారములో, అదే దుకాణములో, అదే రకమును నగదిచ్చి 27,600కు తెచ్చుకొనిరి. అనగా ఈమె అప్పు నిజముగ 27,600 మాత్రమే, 2,400 వడ్డీ. నెలనెలకు అసలు తరుగుచుండునను మాట కలిపి లెక్కించినచో ఇది నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీకి కొంచెము పైన. వాయిదా పత్రము వ్రాసినందులకు ముందే తీసికొనిన 590 రూపాయల రుసుమును కలిపినచో ఇంచుమించు రెండు రూపాయల వడ్డీ! మన పల్లెలలో రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చెనన్న ఇల్లాలిని నలుగురు నాలుగు మాటలందురు. దుకాణపు చల్లగదిలో అదియే "వడ్డీ లేని" యప్పు. 2013 సెప్టెంబరు 17వ తేదీన రిజర్వు బ్యాంకువారు బ్యాంకులకు పంపిన యుత్తర్వులో సున్న వడ్డీ యనునదియే లేదనియు, రుసుముల రూపమున దానిని దాచుచున్నారనియు చెప్పియేయుండిరి. కావున కొట్టులో అడుగుపెట్టగనే వాయిదా మాట రాకముందు "నగదు ధర యెంత?" అని యడుగవలెను. తరువాత అడిగినచో రెండును ఒకటే యందురు.

వాయిదాలు తీసికొనుట పాపమని మేమనము. వరదలో సర్వము పోయినవారికి ఒక్కసారి ముప్పదివేలు ఎచ్చటినుండి వచ్చును? తీసికొనువారు తెలిసి తీసికొనవలెను. 2024 అక్టోబరు 1వ తేదీనుండి ఇట్టి యప్పులకు ముఖ్య వివరముల పత్రమొకటి ముందుగ ఇయ్యవలెనను నియమము కలదు. అన్ని ఖర్చులతో కలిపి సంవత్సరమునకు నూటికెంత పడునో అందుండవలెను. అది అప్పు పుచ్చుకొనువారికి తెలిసిన భాషలో నుండవలెను. అనగా తెలుగులో నడుగు హక్కు మనకున్నది. అందు వ్రాయని రుసుమును మన యంగీకారము లేక వేయరాదు. ఫోను ద్వారా తీసికొనిన అప్పు ఇంటికి వచ్చినపిదప వద్దనిపించినచో, కనీసము ఒక దినము గడువులో అసలును, ఆ కాలపు వడ్డీని చెల్లించి జరిమానా లేక వదిలించుకొనవచ్చును.

సంకేతముల మాట మరియొకసారి చెప్పక తప్పదు. దుకాణమున ఓటీపీ చదివి చెప్పుట చూడని కాగితముపై సంతకము చేయుటయే. సందేశములో అంకెల ముందో వెనుకనో అది దేనికో వ్రాసియుండును. మన సోదరి చెప్పిన మూటిలో ఒకటి ఆధార్‌నకు, ఒకటి అప్పునకు, మూడవది కార్డునకు.

మరి తన పేర ఏయే యప్పులున్నవో తెలియుటెట్లు? మన దేశమున నాలుగు ఋణసమాచార సంస్థలు కలవు. ఒక్కొక్కటి సంవత్సరమున కొకసారి పూర్తి నివేదికను ఉచితముగ ఇయ్యవలెను. కొట్టులో "చూచెదమమ్మా, వచ్చునో రాదో" అని పెట్టిన ప్రతి దరఖాస్తును అందు నమోదగును. తెలియని యప్పు కనబడినచో అభ్యంతరము పంపవలెను. ముప్పది దినములలో సరిచేయనిచో దినమునకు నూరు రూపాయల పరిహారము రావలెనని 2023లో ఉత్తర్వైనది. ఆ సోదరి నివేదిక తెప్పించుకొనగా ఫ్రిజ్జు అప్పు తీరినట్లును, కార్డొకటి బ్రతికియున్నట్లును తేలినది.

ఇక రెండవ ప్రశ్న. రిజర్వు బ్యాంకు ఆదేశముల ప్రకారము అడుగని కార్డును పంపరాదు. అంగీకారము లేక దానిని చెలామణిలో పెట్టి బిల్లు వేసినచో ఆ మొత్తమును రద్దుచేయుటయే గాక రెండింతలు ఎదురు చెల్లింపవలెను. బాకీ లేని కార్డును మూయుమని కోరినచో ఏడు పనిదినములలో మూయవలెను. ఆలస్యమైనచో దినమునకు 500 రూపాయలు. మేమీ సంగతులు వ్రాయగా ఆమె బ్యాంకునకు జాబు పంపిరి. మీరు ఓటీపీ చెప్పితిరి గనుక అంగీకరించినట్లేయని మొదట బదులు వచ్చినది. ఏ దుకాణమున, ఏ తేదీన, ఏమి చెప్పి ఆ సంకేతమును తీసికొనిరో, కార్డు పేరే యెత్తలేదని వివరముగ ఆమె మరల వ్రాసిరి. ఈమారు కార్డును మూసి, 1,180 రూపాయలను రద్దుచేసిరి. రెండింతల పరిహారము మాట మాత్రమెత్తలేదు. పీడ విరగడయైనది చాలుననుచు ఆమె మాకు వ్రాసిరి. మేము చాలదని వ్రాసితిమి. బ్యాంకు బదులు తృప్తికరముగ లేనివారు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌నకు ఖర్చులేక ఫిర్యాదు చేసికొనవచ్చును. దారి తెలియనివారు 14448కు ఫోను చేయవచ్చును. ఫిర్యాదు నమూనాను తెలుగులో వ్రాసి ఆమెకు పంపియున్నాము. ఇంకను ప్రత్యుత్తరము రాలేదు.