సొమ్ము పెట్టువాడు, విచారించువాడు

మా ఎర్రగుంట్ల ప్రాంతమున గుడి మరమ్మతునకు గాని, చెరువు పూడిక తీయుటకు గాని చందాలు పోగుచేయునపుడు అందఱును ఎఱిగిన నీతి యొకటి కలదు. చందా యిచ్చినవాడు లెక్క అడుగవచ్చును; లెక్క వ్రాయువాని చేయి మాత్రము పట్టుకొనరాదు. అంతర్జాతీయ సంస్థలకు ధనమిచ్చు రాజ్యములు ఆ ధనమునకు షరతులు కట్టి, మానవహక్కుల విచారణలను నడిపింపజూచుట న్యాయమా, అన్యాయమా యను ప్రశ్న నేడు లోకమున వినవచ్చుచున్నది. ఈ చిన్న నీతియే దానికి తగిన గీటురాయియని మా తలంపు.

ధనముతో కళ్ళెము వేయుట యెల్లప్పుడును చెడ్డదనుట తొందరపాటు. నర్మదానదిపై సర్దార్ సరోవర్ ఆనకట్టకు ప్రపంచ బ్యాంకి 1985లో 450 మిలియను డాలర్ల ఋణము నొసగెను. మునిగిపోవు గ్రామముల ప్రజలు గోల పెట్టగా, 1991లో బ్రాడ్‌ఫర్డ్ మోర్సుగారి యాధిపత్యమున స్వతంత్ర సంఘ మొకటి నియమింపబడెను. నిర్వాసితుల విషయమున బ్యాంకి తన నియమములను తానే పాటింపలేదని ఆ సంఘము 1992లో తేల్చెను. 1993 మార్చిలో భారత ప్రభుత్వము మిగిలిన ఋణము వలదని చెప్పివేసెను. అప్పుడు అమెరికా ప్రతినిధి సభలో ఉపసంఘాధ్యక్షుడగు బార్నీ ఫ్రాంకు, బీద దేశముల కప్పులిచ్చు బ్యాంకి శాఖకు తమ శాసనసభ ధనము మంజూరు చేయవలెనన్నచో, బాధితుల మొఱ వినుటకు స్వతంత్రమైన యేర్పాటు కావలెనని పట్టుపట్టెను. 1993 సెప్టెంబరులో బ్యాంకి పాలకవర్గము తనిఖీ ప్యానెలును స్థాపించెను. సొమ్ముపై బిగించిన పిడికిలియే ఆ తలుపును తెఱిపించినది.

ఆ తలుపును మన ఆంధ్ర రైతులే తట్టిరి. అమరావతి రాజధానీ ప్రాంతమున 29 గ్రామములలో సుమారు 33 వేల యెకరములు భూసమీకరణ పథకమున సేకరింపబడెను. ఆ నగర నిర్మాణమునకు బ్యాంకి 300 మిలియను డాలర్ల ఋణ మీయ సంకల్పింపగా, తమ జీవనోపాధికి భంగము కలుగునని, సమ్మతి పూర్ణ స్వేచ్ఛతో తీసికొనబడలేదని కొందఱు భూస్వాములును రైతులును 2017లో ప్యానెలునకు మొఱపెట్టుకొనిరి. ప్యానెలు పరిశీలించి, విచారణ జరుపుటయే యుక్తమని సూచించెను. ఆ విచారణ మొదలు కాకమునుపే, 2019 జూలైలో భారత ప్రభుత్వము ఋణప్రార్థననే ఉపసంహరించుకొనెను. అప్పు పోయెను, అప్పుతోడనే విచారణయు పోయెను. ఉపసంహరణకు ప్రభుత్వ కారణములు వేఱై యుండవచ్చును. మొఱపెట్టిన రైతునకు మాత్రము ఫలిత మొక్కటియే: అతని మాట నిజమో అబద్ధమో తేల్చువా డెవ్వడును లేకపోయెను. 2024 డిసెంబరులో బ్యాంకి అదే అమరావతికి 800 మిలియను డాలర్ల ఋణమును మరల మంజూరు చేసినది. పాత ప్రశ్నకు మాత్రము జవాబు రాలేదు.

రాజధాని కోస్తాకు పోయినదని రాయలసీమవారి మనసున నొప్పియుండుట సహజము. శ్రీబాగు ఒడంబడికను మనము మఱువలేదు. ఐనను అచ్చటి రైతు మొఱ మనది కాదనుకొనుట పొరపాటు. మనకు కూతవేటు దూరమున గండికోట జలాశయమున నీరు నింపుటకై 2020లో తాళ్ళప్రొద్దుటూరువారు ఇండ్లు విడిచి పోవలసి వచ్చెను. ఆ నీరు మన మెట్టపొలములకు ప్రాణము; దాని విలువను మేము తక్కువ చేయము. కాని అది రాష్ట్ర ప్రభుత్వపు పథకము గనుక, పరిహారము చాలలేదను నిర్వాసితునకు తట్టుటకు వాషింగ్టనులో తలుపైనను లేదు. భూమిగలవాడెవ్వడును ఈ సంగతి యితరులదని నిశ్చింతగా నిద్రింపజాలడు.

ఇక రెండవ ప్రక్కను చూతము. పాలస్తీనాకు సభ్యత్వ మొసగినదను కోపముతో 2011లో అమెరికా యునెస్కోకు చందా నిలిపివేసెను. ఆ సంస్థ ఆదాయమున నూటికి ఇరువదిరెండు పాళ్ళు ఒక్కమాఱుగా పోయెను. అంతర్జాతీయ నేర న్యాయస్థానమునకు సహాయము చేయరాదని ఆ దేశమే 2002లో చట్టము చేసికొనెను. ఇజ్రాయేలు విషయమున పక్షపాతము చూపుచున్నదని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలిని 2018లో విడిచెను; మరల చేరి, 2025లో మరల విడిచెను. 1993లో మొఱ వినుమని పట్టుబట్టిన చేయియే తక్కిన సందర్భములందు తీర్పు నచ్చలేదని సంచి మూసినది. మొదటిది లెక్క అడుగుట. రెండవది లెక్క వ్రాయువాని చేయి పట్టుట. విచారణ జరుగవలెనను షరతు ధర్మము. విచారణ ఫలాన విధముగ తేలవలెనను షరతు అధర్మము. ఈ రెంటిని ఒక్కగాట కట్టువారు గొఱ్ఱెను తోడేలును ఒక్క దొడ్డిలో తోలువారే.

పరదేశీయులు మన యింటి వ్యవహారములను తనిఖీ చేయుటయేమి, ఇది జాతి గౌరవమునకు భంగము కాదాయని కొందఱు దేశాభిమానులు అడుగుదురు. ప్రశ్న గౌరవింపదగినదే. కాని మన చరిత్రయే దానికి జవాబు చెప్పుచున్నది. నేటాలున చెఱకు తోటలకు కూలికిపోయిన మన తెలుగువారి, తమిళుల, ఉత్తరదేశీయుల సంతతివారికి దక్షిణాఫ్రికా ప్రభుత్వము భూమి హక్కులను కుదించి చట్టము చేయగా, 1946లో భారతదేశమే ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేసెను. అది మా యింటి వ్యవహారమని జనరల్ స్మట్సు వాదించెను. విజయలక్ష్మీ పండితుగారు ఆ వాదమును ఎదిరించిరి. సభ మన పక్షమునే నిలిచెను. నాడు స్మట్సు నోట తప్పైన మాట నేడు మన నోట ఒప్పు కాజాలదు.

జాతి గౌరవమునకు నిజమైన మార్గము విచారణను తప్పించుకొనుట కాదు. బయటివాడు రానక్కఱలేనంత గట్టి విచారణను మన యింటనే నెలకొల్పుట. ప్యానెలు పుట్టిన ఆ 1993లోనే మన మానవహక్కుల పరిరక్షణ చట్టమును పుట్టినది. దాని ననుసరించిన రాష్ట్ర కమిషను కార్యాలయము 2021లో మన సీమయందే, కర్నూలున తెఱువబడినది. కాని ఆ చట్టమున కమిషనునకు సిఫారసు చేయు నధికారమే గాని, శాసించు నధికారము లేదు. ధనమందువా, ప్రభుత్వము తనకు తగునని తోచినంత ఈయవచ్చునట. పోలీసులపైనను అధికారులపైనను వచ్చు మొఱలను వినవలసినవానికి జీతబత్తెములు కొలుచువాడు, ఆ పోలీసులను అధికారులను నడుపువాడే! అమెరికా సంచిని నిందించు మనము మన సంచిని చూచుకొనవలదా?

కావున మేము కోరునవి మూడు. బ్యాంకి ఒకసారి స్వీకరించిన మొఱ, ఋణము రద్దైనను, విచారణ ముగియువఱకు నిలువవలెను. ఐక్యరాజ్యసమితి విచారణలకు వ్యయము ఏ యొక్క రాజ్యపు చిత్తముపైనను ఆధారపడక, అందఱి చందాలనుండి ముందుగనే వేఱు చేయబడవలెను. రాష్ట్ర కమిషనునకు కావలసిన ధనము ప్రభుత్వమునకు తోచినంత గాక, శాసనసభ నిర్ణయించినంత, కోతలేక చెల్లవలెను. ఈ మూడవది మన చేతిలోనిదే. వచ్చు బడ్జెటు సమావేశమున సీమ శాసనసభ్యులు దీనిని ప్రస్తావింతురా లేదా యని ఓటర్లు కనిపెట్టి యుందురు గాక.