స్కూల్ ప్రేయర్‌కి మీ పిల్లలు ‘నో’ చెప్పొచ్చా? రాజ్యాంగం ఏమంటోందంటే..

గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్.. ఐటీ కారిడార్‌లో ఏ స్కూల్ చూసినా ఒకే క్లాసులో వేర్వేరు రాష్ట్రాల, వేర్వేరు మతాల పిల్లలు ఉంటారు. అసెంబ్లీలో ప్రేయర్ మాత్రం ఒక్కటే. అది తమ మతానిది కాకపోతే? పిల్లాడు మౌనంగా నిలబడొచ్చా?

రాజ్యాంగంలోని ఆర్టికల్ 28 దీని గురించే చెబుతోంది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన చేయకూడదు. మరి ప్రైవేట్ స్కూళ్ల సంగతేంటి? ప్రభుత్వ గుర్తింపు లేదా ఎయిడ్ ఉన్న చోట మతబోధన ఉండొచ్చు, మత ప్రార్థనా జరగొచ్చు. కానీ అందులో పాల్గొనమని ఎవర్నీ బలవంతం చేయకూడదు. మైనర్ అయితే గార్డియన్ ఒప్పుకోవాల్సిందే.

మరి కేంద్రీయ విద్యాలయాల మాటేంటి? గచ్చిబౌలి సహా దేశంలోని కేవీలన్నిటిలో సంస్కృత ప్రార్థన ఉంటుంది. ఇది ఆర్టికల్ 28కి విరుద్ధమంటూ ఓ లాయర్ సుప్రీంకోర్టుకెళ్లారు. కాదు, ఇవి అందరికీ వర్తించే విలువలేనని కేంద్రం వాదించింది. ఇది పెద్ద ప్రశ్నే అంటూ 2019 జనవరిలో ఇద్దరు జడ్జిల బెంచ్ రాజ్యాంగ ధర్మాసనం పరిశీలనకు రిఫర్ చేసింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. మతాల గురించి పాఠం చెప్పడం వేరు, మతాన్ని పాటించమనడం వేరు. పాఠం చెప్పడం తప్పు కాదని అరుణా రాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు తేల్చింది. రామాయణం, బైబిల్, ఖురాన్ గురించి సిలబస్‌లో ఉంటే ఇబ్బంది లేదు. చేతులు జోడించి చెప్పి తీరాలంటేనే గొడవ.

మౌనంగా ఉండటం కూడా హక్కే! కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతానికి లేచి నిలబడ్డారు, కానీ పాడలేదు. స్కూల్ వాళ్లు పంపించేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లని తిరిగి చేర్చుకోమంది. జాతీయ గీతం విషయంలోనే అలా అంటే, ప్రార్థన విషయంలో చెప్పేదేముంది?

హైదరాబాద్‌కి దీని రెండో వైపు కూడా తెలుసు. 1938లో ఉస్మానియా హాస్టల్ ప్రార్థనా మందిరంలో స్టూడెంట్స్ వందేమాతరం పాడితే నిజాం కాలం నాటి అధికారులు నిషేధించారు. వినని వాళ్లను బయటికి పంపారు. చాలామంది నాగ్‌పూర్ వెళ్లి చదువుకున్నారు. ఆ ఉద్యమంలో పాల్గొన్న వాళ్లలో పీవీ నరసింహారావు ఒకరు. అంటే పాడాల్సిందేనని పట్టుబట్టినా, పాడొద్దని ఆపినా దెబ్బ తగిలేది స్టూడెంట్‌కే.

సో.. పేరెంట్స్ ఏం చేయాలి? అడ్మిషన్ ఫామ్‌పై సంతకం పెట్టే ముందు ప్రేయర్ రూల్ ఏంటో అడగండి. మీకు ఇష్టం లేకపోతే రాతపూర్వకంగా చెప్పండి. ఎందుకంటే లైన్‌లో నిలబడ్డ ఆరేళ్ల పిల్లాడు టీచర్‌కి ‘నో’ చెప్పలేడు. అందుకే ఆ మాట చెప్పే అవకాశం రాజ్యాంగం మీ చేతికిచ్చింది.